పదిగంటల కూత

"ఆపరేషన్ మధ్యలో మన కంప్యూటర్ బోర్డు కోడిపుంజులా కూసిందట!" వెన్ మేనేజర్ ఉత్తరాన్ని యూవెన్ బల్లమీద కొట్టాడు. "మొదటిసారి విదేశీ ఆస్పత్రికి అమ్మాం. ఎవరిదీ వెకిలి పని?"

"నాకు తెలీదు సార్."

"కోడ్‌లో ప్రతి వరసమీదా నీ పేరే ఉందిగా!"

ఉంది. పాత కోడంతా కొత్త యంత్రంలోకి ఎక్కించింది తనే కాబట్టి, అంతకుముందు రాసినవాళ్ల పేర్లు చెరిగిపోయి తన పేరే మిగిలింది.

"సోమవారానికల్లా ఆగాలి. లేదా రాజీనామా ఇచ్చి పో."

కూసిన రోజులు ఉత్తరంలో ఉన్నాయి. ఏప్రిల్ 21, మే 5, మే 20, జూన్ 3. సమయం ఎప్పుడూ ఉదయం పదే, తేదీలకే వరస లేదు. సాయంత్రానికి యూవెన్‌కు తనమీదే అనుమానం పుట్టింది. నిద్రమత్తులో నేనే రాశానా? పదిమంది చూపులు వీపుకు గుచ్చుకుంటుంటే, చేయని తప్పు కూడా చేసినట్టే గుర్తుకొస్తుంది.

వేడినీళ్ల కోసం లేచింది. అక్కడ ఊడ్చే ఆ-చూన్ అత్త గోడ క్యాలెండర్ తిరగేస్తోంది.

"సోమవారం నైవేద్యానికి ఏం పళ్లు తేనే అమ్మాయ్? పోయినసారి అనాసలు తెస్తే పుల్లగా ఉన్నాయని మీవాళ్లు దేవుడికే వదిలేశారు."

"పోయినసారి ఎప్పుడత్తా?"

"మూడో తారీఖు. అంతకుముందు మే ఇరవై. చంద్రుడి లెక్కలో రెండో రోజూ, పదహారో రోజూ కదే. నెలకు రెండుసార్లు పొద్దున పదికి స్థలదేవుడికి పెట్టకపోతే ఏ కంపెనీ నిలుస్తుంది?"

కప్పు నిండి నీళ్లు చేతిమీద పడ్డా యూవెన్‌కు తెలియలేదు. కూత రోజులూ అవే! తన బల్ల దగ్గరికి పరుగెత్తింది.

చంద్రుణ్ణి లెక్కపెట్టే ముక్క కోసం వెతికితే గంటలో దొరికింది. ఫ్యాను వేగం కొలిచే వరసల వెనక, పన్నెండే పన్నెండు వరసలు. తీసేసింది. బోర్డుల గడియారాన్ని సోమవారం పదికి తిప్పింది. పరీక్షకని బల్లమీద పెట్టిన ఇరవై బోర్డులూ నోరు మూసుకున్నాయి. ఆ నిశ్శబ్దంలో ఆమె ఒక్కతే చప్పట్లు కొట్టుకుంది. వెళ్లేముందు ఆఫీసు కంప్యూటర్లన్నిటికీ ఆ మందే వేసింది.

సోమవారం వెన్ రాజీనామా కాగితం ముందుకు తోశాడు. "పెట్టినదానివి కాబట్టే అంత త్వరగా తీయగలిగావు. సంతకం చెయ్యి."

"చెయ్యను సార్." తన గొంతు అంత స్థిరంగా ఉండటం ఆమెకే కొత్తగా ఉంది. "పట్టుకున్నది నేను. పెట్టింది నేను కాదు."

తలుపు తోసుకుని, కంపెనీ స్థాపించిన డెబ్భై ఏళ్ల చైర్మన్ వచ్చాడు, చెప్పులు టపటపలాడించుకుంటూ.

"పదిన్నరయింది! నా కంప్యూటర్ నోరు నొక్కిందెవరు?"

వెన్ ఆమెవైపు వేలు చూపించాడు. "ఈవిడే సార్! పెట్టిందీ ఈవిడే, తీసిందీ ఈవిడే!"

ముసలాయన యూవెన్‌ను ఎగాదిగా చూశాడు. ముఖం మెల్లగా విచ్చుకుంది.

"తీసింది నువ్వా? ఇరవై రెండేళ్లలో ఒక్కడి కంటా పడలేదు తల్లీ! అగరొత్తులు వెలిగించడం మర్చిపోతున్నానని మా ఆవిడ పోరుతుంటే, నా కంప్యూటర్ కోసమని ఆ కూత నేనే రాసి దాచుకున్నాను."