పులిసిన పిండి కుండ

“ఒక్క నాలుగు గరిటెల పిండి పెట్టు తాతా. నీ సొమ్మేం పోయింది?”

“పెట్టను,” అన్నాడు గనుల నుంచి వచ్చి రాత్రి బసకు దిగిన ముసలి ఎఫ్రాయిం, పులిసిన పిండి కుండను ఒళ్ళోకి ఇంకాస్త లాక్కుంటూ.

పూటకూళ్ళ హెస్టరుకు ఒళ్ళు మండింది. మొన్నటి చలికి ఆమె కుండలో పిండి గడ్డకట్టి పాడైంది. పులియని పిండితో పోసిన అట్లు తిని గుర్రబ్బండి తోలే డూగల్ మొహమ్మీదే చెప్పేశాడు, ఈసారీ చెప్పుతోలే పెడితే బండి ఎగువన బ్రిజెట్ పూటకూళ్ళింటి దగ్గర ఆపుతానని. బంగారు గనుల బాట మీద బండి ఆగని పూటకూళ్ళిల్లు మూసుకోవలసిందే. బండి వచ్చే వేళ దగ్గరపడింది.

“చలికి పిండి గడ్డకట్టకుండా కుండను పక్కలో పెట్టుకుని పడుకున్నావు, బాగుంది. గనుల్లో అందరూ చేసేదే. కానీ పులిసిన పిండి అడిగితే లేదన్నవాణ్ణి ఈ బాటలో నిన్నే చూస్తున్నా.”

“చూశావుగా. గడ్డానికి వేణ్ణీళ్ళు పెట్టు.”

ముసలాడు కుండను పొయ్యి పక్కన పెట్టి, కత్తి పట్టుకుని పెరట్లోకి వెళ్ళాడు. హెస్టరు ఆలోచించలేదు. పిండిని అడుగునుంచి బాగా కలిపి నాలుగు గరిటెలు తోడేసుకుంది. తీసినంత మేరా పిండీ గోరువెచ్చని నీళ్ళూ పోసి కలిపింది. దొంగతనంలోనూ ఆవిడకు మర్యాద ఉంది.

దాన్ని తన పిండిలో కలిపి పోసిన అట్లు దూదిలా పొంగాయి. డూగల్, తొమ్మిదిమంది ప్రయాణికులు బల్ల చుట్టూ చేరారు. అప్పుడే ఎఫ్రాయిం సగం గడ్డంతో లోపలికొచ్చాడు. కంచాలు చూశాడు, కుండ చూశాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

“ఆ అట్లన్నీ నాకే కావాలి.”

“ఇప్పుడు పుట్టిందా ఆకలి? కూర్చో తాతా. నీకూ రెండే.”

“పోనీ, మెల్లగా నమలమను తల్లీ.”

డూగల్ నోట్లో కటుక్కుమంది.

అందరూ తినడం ఆపేశారు. అట్టులో రాయి. ఇక బండి బ్రిజెట్‌దే అనుకుని హెస్టరు చేత్తో కళ్ళు తుడుచుకుంది. డూగల్ ఆ రాయిని అరచేతిలోకి ఉమ్మి, బొటనవేలితో తుడిచాడు. బఠాణీగింజంత ఉంది. పచ్చగా మెరిసింది.

అతను ముసలాణ్ణి చూశాడు, కుండను చూశాడు. బంగారం జేబులో వేసుకోకుండా ఎఫ్రాయిం కంచంలో పడేసి, తన ఖాళీ కంచం ముందుకు తోశాడు.

“రేపట్నుంచి బండి ఇక్కడే ఆగుతుంది హెస్టరమ్మా. ఇంకో రెండు వెయ్యి. అడుగునుంచి బాగా కలుపు.”