బొంగురుపోని గొంతు

"పొద్దుట్నుంచీ మీ ఆవిడ కోసం అడవంతా గాలించానంటున్నావు. మరి నీ గొంతు కాస్తయినా బొంగురుపోలేదేం?" అన్నాడు రేంజరు.

భర్త చేతుల నిండా గీతలు. జేబులోంచి చిరిగిన ఎర్ర చున్నీ వేలాడుతోంది.

"ఆవిడ పెనుగులాడిందా?"

"కొమ్మలు గీరుకున్నాయండీ. తను బండిలో వదిలేసిన చున్నీ ఇది. చింపి, దారి కనబడాలని చెట్లకి కడుతూ తిరిగాను."

"కథలు చెప్పకు. నోరారా ఒక్కసారైనా పిలిచావా?"

"తనకి పుట్టుచెవుడండీ. పొద్దున్నే చెప్పబోయాను. ఎందుకు గొడవపడ్డారని గద్దించారే గానీ, నా మాట విన్నదెవరు?"

రేంజరు తలెత్తి కొండకేసి చూశాడు. పొద్దు వాలుతోంది. కొండ మీద అతని మనుషులు, అరిచి అరిచి బొంగురుపోయిన గొంతులతో ఇంకా పిలుస్తూనే ఉన్నారు.

"ఎక్కడున్నా పలకమ్మా."