రెండేళ్ల కాపలా

“భయం ఈయనకైతే, జిడ్డు నా జుట్టుకెందుకండీ?” పరీక్ష కోసం తలకు పూసిన జిగురు తుడుచుకుంటూ అడిగింది భార్య.

“రెండేళ్ల కిందట స్కూటర్ మీంచి ఇద్దరూ పడ్డారు కదమ్మా. అందుకే ఇద్దరికీ తీశాం,” అన్నాడు డాక్టరు, మెదడు గీతలున్న కాగితాలు తిప్పుతూ.

భర్త కుర్చీ అంచున కూర్చుని డాక్టరు ముఖాన్నే చూస్తున్నాడు.

తలకు గట్టి దెబ్బ తగిలినవాళ్లలో కొందరికి నెలలో, ఏళ్లో గడిచాక మూర్ఛ రావచ్చట. తనకా ముప్పు ఎక్కువని డాక్టరు అన్నాడని, తనను ఒంటరిగా వదలొద్దని ఆసుపత్రి నుంచి వచ్చిన రోజే భర్త ఆమెకు చెప్పాడు. ఆమె తనకు తుమ్మొస్తే మంచమెక్కే మనిషి. ఎదుటివాళ్లకు జబ్బంటే మాత్రం ఎక్కడలేని ధైర్యం వస్తుంది. అప్పటినుంచి అతణ్ని కంటికి రెప్పలా కాచుకుంటోంది. వాళ్ల ఫొటో ఫ్రేముల దుకాణంలో ఆమె అద్దాలు కోసేది, అతను మేకులు కొట్టేవాడు. అద్దాల మీద పడితే తన పనైపోతుందని ఆ కోతే మాన్పించాడతను.

“ఈయన చాదస్తం వినండి డాక్టరుగారూ. స్నానాలగది గొళ్లెం పీకేశారు. నేను లోపలుండగా ఈయనకు ఫిట్స్ వస్తే, నేను గొళ్లెం తీసేదాకా అవి ఆగవట.”

“ఆగవుగా మరి,” అన్నాడు భర్త.

“రాత్రుళ్లు నిద్రుండదు. ఎప్పుడు కళ్లు తెరిచినా నా మొహమే చూస్తుంటారు.”

“భయమేస్తే ఇంకెవరి మొహం చూడను?”

డాక్టరు కాగితాలు పక్కన పెట్టాడు. “ఇక హాయిగా నిద్రపోండి. ఇద్దరి పరీక్షలూ బాగున్నాయి. గడ్డుకాలం చాలామటుకు గడిచిపోయింది. ఎప్పటికీ రాదని రాసివ్వలేను గానీ, మీ ఇద్దరిలో ఎవరికీ ఇక కాపలా అక్కర్లేదు.”

“గొళ్లెం పెట్టుకోవచ్చా?” అడిగింది భార్య.

“పెట్టుకోండి.”

“అద్దాలు కోసుకోవచ్చా?”

“నిక్షేపంగా.”

ఆమెకు గుండెల మీంచి బరువు దిగిపోయింది. భర్త భుజం తట్టి, “విన్నారా? గండం గట్టెక్కింది. అక్కకి ఫోన్ చేసొస్తా,” అంటూ బయటికి పరుగెత్తింది. ఇన్నాళ్లలో అతణ్ని అలా వదిలి వెళ్లడం అదే మొదటిసారి.

తలుపు మూసుకోగానే భర్త చేతుల్లో మొహం దాచుకుని సంతోషం పట్టలేక ఏడ్చేశాడు. డాక్టరు మంచినీళ్ల గ్లాసు అతని ముందుకు జరిపాడు.

“ఆ ముప్పు మీకు కాదు, ఆవిడకేనని ఇప్పటికైనా చెప్పేయండి.”