నడుమును వెతుక్కునే ఉంగరం

రాబోయే రోజుల మాట. ఇంటింటా షుగరు మందు పెరుగులోనే తయారవుతోంది. నీలవేణి తొందరలో పాలు చల్లారకముందే తోడేసింది. గిన్నె మూతకున్న భూతద్దంలో చూస్తే మందు తయారుచేసే సూక్ష్మజీవులు రెండుగా విడిపోకుండా దారాల్లా సాగిపోతున్నాయి.

"ఇవాళ మీకు మందు లేనట్టేనండీ అత్తయ్యగారూ!" అంటూ కంగారుగా, అలాంటప్పుడు వాడే ప్రొటీన్ సీసాలోంచి ఒక చుక్క వేసింది.

ఆ ప్రొటీన్ ఒక్కో జీవికీ సరిగ్గా నడుము వెతికి, ఉంగరంలా చుట్టుకుని, మెల్లగా బిగిసి, ఒకదాన్ని రెండు చేసింది. మందు తయారవుతోందని మూత పచ్చగా వెలిగింది.

అత్తగారు వెంకాయమ్మ అద్దం మీంచి చూపు తిప్పలేదు.

"కొలతాడు లేదు, పెద్దమనుషులు లేరు. అయినా రెండూ సమానమే! మా అన్నదమ్ములు పొలంగట్టు కోసం కోర్టుల చుట్టూ తిరిగి తిరిగే పోయారు కదే. ఈ చుక్క అప్పుడుంటే వాళ్ల మజ్జిగలో కలిపేదాన్ని."