రెండుంబావు

వర్ధన్నపేట రోడ్డు పక్క మెట్ట చెలకలో కర్రలు పాతి, రాగితీగలు కట్టి, కిషన్ రావు ఆరేళ్లుగా ఆకాశానికి చెవి ఒగ్గి కూర్చున్నాడు. హన్మకొండలో లెక్చరర్ ఉద్యోగం. జీతంలో సగం తీగలకే. చివరికి చేతి గడియారం కూడా అమ్ముకున్నాడు. జనం నవ్వారు. నవ్వక ఏం చేస్తారు.

ఆయనకు కావలసింది ఒక్క పల్సర్. నాడి కొట్టుకున్నట్టు ఒకే లయలో రేడియో తరంగాలు పంపే చుక్క.

1979 జనవరిలో ఒక మధ్యాహ్నం, ఆ తీగలకు కలిపిన యంత్రంలో పెన్ను ఎగిరింది. కాగితం మీద సమాన దూరంలో గీతలు. పావుగంట కొట్టి ఆగింది.

బెంగళూరులోని ఖగోళశాస్త్ర పెద్దలకు రాస్తే జవాబొచ్చింది. "ఏ చుక్కయినా రోజూ నిన్నటికన్నా నాలుగు నిమిషాలు ముందుగా వస్తుంది, ఇదీ చుక్కయితే అలాగే రావాలి. రోజూ ఒకే టైముకు వస్తే ఏ రైసు మిల్లు మోటారో అయివుంటుంది. పది రోజులు చూసి చెప్పండి. మళ్లీ మళ్లీ రాయకండి."

చెలక యజమాని రాయమల్లు కూడా నెలాఖరుకు ఖాళీ చేయమన్నాడు. అంటే ఈ పది రోజులే.

సరిగ్గా అప్పుడే కిషన్ రావుకు కామెర్లు. దవాఖానలో పడ్డాడు.

"నేను జూసుకుంట సార్," అన్నాడు కాపలా ఉప్పలయ్య. ముసలి రైతు. పిల్లలకోడి, గొర్రుకొయ్యలు అంటూ చుక్కలన్నిటినీ పేరుపెట్టి చూపిస్తాడు. అంకెలు రాయడం వచ్చు.

"పెన్ను ఎగరంగనే గోడ గడియారం చూసి టైం రాయి. ఆ గడియారం సక్కగ నడవది. రోజూ రేడియోల వార్తలు రాంగనే కలుపు. మర్వకు."

"మర్వ సార్."

పదకొండో రోజు పచ్చటి కళ్లతో వచ్చి చూశాడు కిషన్ రావు. పది కాగితాలు. పదింటి మీదా రెండుంబావు. ఒక్క నిమిషం జరగలేదు.

"రోజూ గంట గొట్టినట్టు ఒచ్చింది సార్," అన్నాడు ఉప్పలయ్య సంబరంగా.

"అదే మన ఖర్మ. మిల్లు మోటారు."

పొరపాటైందని, మన్నించమని బెంగళూరుకు కార్డు రాసి పోస్టు చేశాడు. ఆరేళ్ల కాగితాలు పొయ్యిలో పెట్టాడు. మర్నాడు తీగలు తెంపించాడు. రాయమల్లు ట్రాక్టరు ఒక్క పూటలో కర్రలన్నీ పెకిలించి చెలక దున్నేసింది. గట్టు మీద కూర్చుని కిషన్ రావు ఏడ్చాడు. ఉప్పలయ్య చూడనట్టు అటు తిరిగాడు.

పోయేముందు గోడ గడియారం, రేడియో ఉప్పలయ్య చేతిలో పెట్టాడు. "ఇవి నువ్వే ఉంచుకో."

"రేడియోల సెల్లులు లెవ్వు సార్. మీరు దవాఖానకు వోయిన తెల్లారే అయిపోయినయి."

కిషన్ రావు ఆగాడు. "మరి గడియారం దేనితోని కలిపినవ్?"

"దానికేం ఫికర్ సార్, మొదటినాడు రాత్రి తొమ్మిదింటికి గొర్రుకొయ్యల చుక్కలు ఆ తాటిచెట్టు మీదున్నయి, ఇగ రోజూ అవి ఆడికి రాంగనే ముల్లు తొమ్మిదికి తిప్పిన."