సగం కుట్టిన బొంత

నాలుగు రోజుల నుంచీ ఇంట్లో ఇదే లొల్లి. ఆ పూట చారులో పోపు పడే వేళకు మళ్ళీ మొదలైంది.

“శాలిబండల ఆ భాష మాట్లాడెటోళ్ళు ఎవలున్నరు? ఒక్కరి పేరు చెప్పు, నేనే తోల్కపొయ్యి చేర్పిస్త,” అన్నాడు గోపాలకృష్ణ, కంచం ముందు కూర్చుంటూ.

యూనివర్సిటీలో స్పానిష్, పోర్చుగీసు చదవడానికి సీటొచ్చిందని ఇల్లంతా గెంతిన కూతురు రాజమణి, ఇప్పుడు గోడకు ఆనుకుని నిలబడింది.

“భాషొక్కటే గాదు బాపూ. ఆ దేశాలల్ల ఏం తింటరు, ఏం పాడుతరు, అన్నీ చెప్తరంట.”

“చారు తింటరా అక్కా?” తమ్ముడు విశ్వేశ్వర్ కిసుక్కుమన్నాడు.

“నువ్వు మూస్కోని తిను.”

“టైపు నేర్సుకో. కంచన్‌బాగ్‌ల మా ఫ్యాక్టరీ ఆఫీసుల అడుగుత,” అన్నాడు గోపాలకృష్ణ. “రేపు అమ్మను తోల్కపొయ్యి సర్టిఫికెట్లు వాపసు తెచ్చుకో. బస్, ఖతం.”

రమాబాయి బిడ్డ మొహంలోకి చూడకుండా నెయ్యి వడ్డించింది. పిల్ల చదువుకుంటానంటే ఆమెకేం కష్టం? కానీ పేరు పలకడానికే నోరు తిరగని చదువు కోసం మొగుడికి ఎదురు చెప్పాలంటే ఏమని చెబుతుంది?

“రమా, వానకు కాళ్ళు గుంజుతున్నయి. కొత్త బొంత తియ్యరాదు,” అన్నది అత్తగారు కోమలవల్లి.

“కొత్త బొంత ఏడుంది అత్తమ్మా? సగంలనే ఆగె. మీరే గద సక్కుబాయిని రానియ్యొద్దన్నరు.”

“అనకపోతే? కుట్టుకుంట కుట్టుకుంట నోట్లె ఏందో సదువుతుండె. మంత్రాలో ఏం పాడో! పెండ్లి గావాల్సిన పిల్ల ఉన్న ఇల్లాయె.”

పాత చీరలిస్తే బొంతలు కుట్టిచ్చేది సక్కుబాయి. ఎక్కడి మనిషో ఎవరూ అడగలేదు. రెండేళ్ళు ఈ ఇంటి అరుగు మీదే కూర్చుని కుట్టింది. సూది ఆగేది కాదు, పెదవులూ ఆగేవి కావు. వరుస అయిపోగానే పంటితో టక్కున దారం కొరికి, మళ్ళీ గొణుక్కునేది. బుధవారం మాత్రం వచ్చేది కాదు. ఎందుకని అడిగితే, “పనుంటదమ్మా,” అని నవ్వేది.

“కలెక్టరమ్మకు మీటింగ్ ఉన్నట్టుంది,” అని రమాబాయి కూడా ఎగతాళి చేసేది.

పోయిన నెల గడప దగ్గర నిలబడి, రేపటి నుంచి రావద్దని చెప్పింది కూడా రమాబాయే. సక్కుబాయి ఎందుకని అడగలేదు. సగం బొంత మడత పెట్టి, సూది దానికే గుచ్చి, చెప్పులు తొడుక్కుంది.

తెల్లవారి అఫ్జల్‌గంజ్‌లో బస్సు మారి తల్లీకూతుళ్ళు యూనివర్సిటీకి వెళ్ళారు. దారంతా రాజమణి కిటికీ వైపే చూసింది.

“సర్టిఫికెట్లు ఇచ్చేస్తానండీ,” అన్నది అక్కడి లెక్చరర్. చిన్న వయసు, మెత్తని మాట. “తీసుకునే ముందు మీ అమ్మాయి ఏం చదవాలనుకుందో మీరొక్కసారి వినండి.”

టేపు రికార్డరు మీద చక్రాలు బిగించి, చెవులకు పెట్టుకునేవి రమాబాయి చేతికిచ్చింది.

“ఇది పోర్చుగీసు, ఈవిడ చిన్నప్పటి నుంచీ ఇంట్లో మాట్లాడిన భాష. మా పాఠాలు ఈవిడ గొంతుతోనే మొదలవుతాయి. జోలపాటలు, వంటింటి కథలు, చేపల బజారులో బేరాలు... ఇవి ఏ పుస్తకంలోనూ లేవు. మా ప్రొఫెసర్ ఆ దేశంలోనే చదువుకుని వచ్చారు. అయినా ఈవిడ గదిలోకి వస్తే లేచి తన కుర్చీ ఇచ్చేవారు.”

రమాబాయి విన్నది. ఒక్క మాటా అర్థం కాలేదు. ఎవరో పిల్ల అలిగినట్టుంది, ఎవరో బతిమాలుతున్నట్టుంది. అంతే తెలుస్తోంది. ఒకచోట గొంతు ఆగింది. టక్కున దారం తెగినట్టు చిన్న చప్పుడైంది. మళ్ళీ కథ సాగింది.

రమాబాయి లేచి నిలబడింది.

“కూర్చోండమ్మా.”

“పర్వాలేదు. నిలబడే వింట.”

టేపు చివరిదాకా అలాగే విన్నది. తరవాత కొంగుతో మొహం తుడుచుకుంది.

“ఈమెను ఒకసారి చూడొచ్చా?”

“లేరండీ. పోయిన నెల ఊరికి వెళ్ళిపోయారు. అడ్రసిమ్మంటే నవ్వి ఊరుకున్నారు.” లెక్చరర్ టేపును పదిలంగా డబ్బాలో పెట్టింది. “ఇక్కడికి వచ్చే ముందు తనలో తాను నాలుగైదు సార్లు చెప్పుకుని వచ్చేవారట. పిల్లల ముందు ఒక్క మాట కూడా తడబడకూడదని.”

రమాబాయి సర్టిఫికెట్లు అడగకుండానే గేటు దాటింది. ఎందుకని అడిగితే ఎక్కడ గుర్తొస్తాయోనని రాజమణి నోరెత్తలేదు.

సాయంత్రం అందరూ ఇంట్లోనే ఉన్నారు. రమాబాయి సగం బొంత తెచ్చి అందరి మధ్యా పరిచింది. సూది ఇంకా దానికే ఉంది.

“సర్టిఫికెట్లు తెచ్చిన్రా?” అన్నాడు గోపాలకృష్ణ.

“తేలే.” రమాబాయి గొంతు పెంచలేదు. “పిల్ల ఆ చదువే చదువుతది.”

విశ్వేశ్వర్ నవ్వబోయి, తల్లి మొహం చూసి ఆగిపోయాడు.

“ఏంది, నిన్న ఊకున్నవు, ఇయ్యాల గిట్లంటవు?”

“శాలిబండల ఒక్కరి పేరు చెప్పమన్నరు గద. చెప్తున్న,” అన్నది రమాబాయి, బొంతకున్న సూదిని మెల్లగా తీసి చేతిలోకి తీసుకుంటూ. “సక్కుబాయి. మన అరుగు మీద ఆమె చదివినవి మంత్రాలు గావు అత్తమ్మా, బుధవారం బుధవారం యూనివర్సిటీకి పొయ్యి ప్రొఫెసర్ ఇచ్చిన కుర్చీల కూసోని చెప్పే పాఠాలు.”