పసుపు మొగ్గ

ఈసారి కూడా మొగ్గ లేదు. ఉత్త కాడ మిగిలింది. జిలానీ బాషా నెత్తిన చేతులు పెట్టుకుని ఖర్జూరం చెట్టు కింద కూలబడ్డాడు.

గల్ఫ్‌లోని ఈ అల్ ఐన్ తోటలో ఆ మొక్కను నాటించింది కఫీల్ భార్య, అంటే అతన్ని పనిలో పెట్టుకున్న అరబ్బు యజమాని భార్య. ఆమెది చలిదేశం. అక్కడి అడవుల్లో చెట్ల నీడన ఏటేటా దానంతటదే పసుపుపచ్చగా పూస్తుందట. మంచు పడ్డా చావదట. "ఇది పూసిన రోజు నీకు సెలవు, టికెట్టు" అని మాటిచ్చింది.

జిలానీ ఊరు వదిలి నాలుగేళ్లు. తనొచ్చాక పుట్టిన కూతురు ఫైజాను ఫోటోలో చూడడమే. ఇంకేం! మొక్కకు ఖర్జూరపు మట్టల పందిరి వేశాడు. తను తాగాల్సిన చల్లనీళ్లు దానికే పోశాడు. 2004 చలికాలం రాగానే మొగ్గ తొడిగింది. తొడిగింది తొడిగినట్టే మాయం! పిట్టలేమోనని వల కట్టాడు, మేకలేమోనని కంచె వేశాడు. ఊహూఁ.

దిగులేసినప్పుడల్లా భార్య అక్తర్ బీ రాయించే ఉత్తరాలే దిక్కు. జిలానీకి చదువు రాదు. ఒకే గదిలో ఉండే కడప బూడేన్ సాహెబ్ ప్రతి శుక్రవారం టౌనుకు పోయొచ్చి, జేబులోంచి నీలం కాగితం తీసి చదివేవాడు. కాగితం చిన్నదే, కబుర్లు మాత్రం బోలెడు. ఫైజా బడికి పోతోంది. ఫైజా మేకపిల్లకు పేరు పెట్టింది. 'అబ్బాజాన్, ఎప్పుడొస్తావు?' అనే చోట సాహెబ్ ఆగి కళ్లు తుడుచుకునేవాడు.

"ఏంది భాయ్, నా బిడ్డ పిలిస్తే నువ్వేడుస్తావు?" అని నవ్వేవాడు జిలానీ.

ఆ శనివారం పొద్దున పందిరి చాటున కాపు కాశాడు. వచ్చిన దొంగ ఎవరనుకున్నారు? బూడేన్ సాహెబే! వంగి, పసుపు తొంగిచూస్తున్న మొగ్గను గిల్లి జేబులో వేసుకున్నాడు.

"నేను ఇంటికి పోతానంటే ఇంత కుళ్లా నీకు? ఒకే కంచంలో తిన్నాం కదా భాయ్!" జిలానీ ఏడుస్తూ అతని చొక్కా పట్టుకున్నాడు.

"ఖలాస్! ఇంక నా బిడ్డ ఉత్తరం నువ్వు ముట్టొద్దు."

అతని జేబులోంచి నీలం కాగితం లాక్కుని డ్రైవర్ మురళీ దగ్గరికి పరుగెత్తాడు. "వద్దురా జిలానీ, వద్దు" అంటూ సాహెబ్ వెంటపడ్డాడు.

"నిన్న వచ్చింది, మురళన్నా. మా ఫైజా ఏమంటాందో చదువు."

మడతల దగ్గర చిరిగిన కాగితం. పైన తేదీ మూడు నెలల కిందటిది. మురళీ సాహెబ్ వంక ఒకసారి చూసి, మెల్లగా చదివాడు:

"బూడేన్ అన్నా, జ్వరంతో పోయిన మా ఫైజాకు నిన్న మట్టి ఇచ్చినాము, ఆయనకు నువ్వే నిదానంగా చెప్పు."